తడి బరువు

అమావాస్య పోటు తీసిన తెల్లారి
కోస్టల్ బ్యాటరీ నుంచి పాండురంగాపురం మలుపు దాకా
మోకాలెత్తు నాచు.
రాత్రంతా ఎవరో సముద్రానికి తల దువ్వి
చిక్కు వెంట్రుకలు ఒడ్డున పారేసినట్టు.

మూడున్నరకే విజిల్.
మేం పదకొండుమందిమి, దంతెలు తొమ్మిది,
ట్రాక్టరొకటి, దానికి ఒంటికన్ను.
సూపర్‌వైజరు కామేశు రోజూ చెప్పేది ఒకటే:
వాకింగుకొచ్చేవాళ్లు కాలు పెట్టేసరికి
సింహాచలంలో తీయించిన గుండులా
నున్నగా ఉండాలి ఒడ్డు.

వాసన ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు.
మొదటి రోజు ఆసుపత్రి అయోడిన్ సీసా.
రెండో రోజు ఉడికి చల్లారిన గుడ్డు.
మూడో రోజుకి పేరు లేదు.
మా పూర్ణ బస్సులో నా పక్కన కూర్చోదు.
వెనక సీట్లోంచి చెయ్యి చాచి
నా డబ్బాలో ఉప్మా మాత్రం తింటుంది.

కాంట్రాక్టు టన్నుల లెక్క.
అందుకే నీళ్లోడుతుండగానే ఎత్తమంటారు.
తడి నాచు, దాన్ని కరుచుకున్న తడి ఇసుక,
కాటాకి రెండూ ఒకటే.
అటు పోర్టు డ్రెడ్జరు
పొడుగాటి గొట్టంతో ఒడ్డుకి ఇసుక ఊస్తుంటుంది,
ఇటు మేం
ఆ ఇసుకనే ట్రాక్టరుకెత్తి కాపులుప్పాడ పంపిస్తుంటాం.
చిల్లుబిందెతో నీళ్లు మోస్తున్నారు పెద్దలు.
ఆ చిల్లు మేమే.

పెదజాలరిపేట గరికిన నూకయ్య
తెప్ప మీద కూర్చుని వల కుట్టుకుంటూ అన్నాడొకసారి:
"ఒగ్గీయే దాన్ని. ఏటి తొందర?
గెడ్డి కాదది, గెట్టు.
గంగమ్మ తన గెట్టు తానే ఏసుకుంతాది.
దాని కింద పురుగుంతాది, పురుక్కి పిట్టొస్తాది.
పైదంతా నువ్వెత్తుకుపోతే
కిందది గాలెత్తుకుపోద్ది."
"గట్టుకి కూలి ఎవరిస్తారు తాతా" అన్నాను.
దారం పంటితో తెంపాడు, మాట్లాడలేదు.

మాఘంలో ట్రాక్టరు ఇరుసు విరిగింది.
మూడు రోజులు ఎవరూ రాలేదు, ఏమీ కదల్లేదు.
ఫోన్లు మాత్రం చాలా కదిలాయి.
నాలుగోనాడు వెళ్లి దంతె వేస్తే
ఎండి, గోధుమరంగు తిరిగి,
పాత పేపరులా గలగలలాడింది నాచు.
ఒంటిచేత్తో లేచింది.
విదిలిస్తే
ఇసుక జలజలా కిందికి దిగిపోయింది,
ఇల్లు తెలిసినదానిలా.
కింద పురుగులు చిటపట ఎగిరాయి.
నా వెనక ఉల్లంకి పిట్టలు
జీతం తీసుకోడానికి వచ్చినట్టు వరసగా నిలబడ్డాయి.

ఆ రోజు కాటా మీద
నాలుగు టన్నులుండాల్సింది తొమ్మిది వందల కిలోలు.
కామేశు చీటీ తిప్పి తిప్పి చూశాడు.
"మిగతాది ఏం చేశారే?"
చూపించాను. కాళ్ల కింద ఉంది కదా.

ముడసర్లోవ నర్సరీ నుంచి ఒకాయన వచ్చి
ఎండు నాచు నాలుగు గోనెలు పట్టుకెళ్లాడు,
ఒక వానకి ఉప్పు వదిలితే
కొబ్బరి మొదళ్లకి బాగుంటుందని.
మళ్లీ రాలేదు. బాగుందో లేదో తెలీదు.

ఇరుసు వేశారు. విజిల్ మూడున్నరకే.
మళ్లీ తడిదే, మళ్లీ టన్నులే.
నేను మాత్రం ఎత్తిన ప్రతి దంతె
ట్రాక్టరులో వేసేముందు రెండుసార్లు విదిలిస్తున్నాను.
"ఏటా డేన్సు" అని అరుస్తాడు కామేశు.
భుజం పట్టేసిందని చెప్పాను.
నిన్న చూస్తే
అటు చివర బంగారి కూడా విదిలిస్తోంది.
దానికి భుజం నొప్పేం లేదు.

తడిది ఎంత విదిలించినా సగం కూడా రాలదు.
అది నాకు తెలుసు.

రాత్రి చీర మారుస్తుంటే
కుచ్చిళ్లలోంచి గుప్పెడు రాలింది గచ్చు మీద.
చీపురుతో ఎత్తి
ఖాళీ టీపొడి డబ్బాలో పోసి
చెప్పుల దగ్గర పెట్టాను,
పొద్దున్న మర్చిపోకుండా.